పిల్ల నోటికి పట్టే తిండి

ఫైటర్ చేపల చేత గుడ్లు పెట్టించడం పెద్ద విద్యేమీ కాదు. ఆరోగ్యమైన జంట, 27–28 డిగ్రీల వెచ్చటి నీరు, పైన తేలే ఒక ఆకు ఉంటే చాలావరకు పని అవుతుంది. కష్టమంతా పిల్లలు ఈదడం మొదలుపెట్టిన తర్వాతి పది రోజుల్లోనే ఉంది. నేను మొదటిసారి అక్కడే ఓడిపోయాను. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన చిదిమి తొట్టిలో వేశాను. మర్నాటికి నీళ్లు తెల్లగా విరిగాయి. మూడో రోజుకు వందల పిల్లల్లో ఒక్కటీ మిగలలేదు. ఆ దిగులు చాలాకాలం పోలేదు.

ఈ చేప పుట్టిల్లు థాయిలాండ్. 2019లో ఆ దేశం దీన్ని తన జాతీయ జలచరంగా ప్రకటించింది. వరిచేలలోనూ మడుగుల్లోనూ నిలిచి ఉండే లోతు తక్కువ నీటిలో ఇది బతుకుతుంది. అలాంటి నీటిలో ఆక్సిజన్ తక్కువ. అందుకే మొప్పల పైభాగంలో మడతలు పడిన ఒక అవయవం ఏర్పడింది. చేప పైకి వచ్చి నోటితో గాలి మింగి, దాని సాయంతో ఊపిరి తీసుకుంటుంది. మన కొర్రమీనుకూ ఇలాంటి ఏర్పాటు ఉంది, రెండూ దూరపు చుట్టాలే. కొర్రమీను తన పిల్లల గుంపును కాచుకుంటూ తిరగడం చెరువు గట్టున పెరిగినవారికి తెలిసిన దృశ్యం. ఫైటర్‌లో ఆ కాపలా పూర్తిగా తండ్రిదే.

మగచేప నోటి జిగురుతో గాలి బుడగలు చేసి, ఆకు కింద నురుగు గూడు కడుతుంది. నేను ఎండి రాలిన నాటు బాదం ఆకు వేస్తాను. అందులోని వగరు పదార్థాలు నీటిని తేనీటి రంగుకు తెస్తాయి. మగచేప ఆడచేపను ఒంటితో చుట్టేసినప్పుడు తెల్లటి గుడ్లు రాలతాయి. అవి అడుగుకు చేరేలోగా నోటితో ఏరి గూట్లో అంటిస్తుంది. నీటి లోతు అయిదారు అంగుళాలు దాటకూడదనేది ఇందుకే. ఈ తంతు ముగియగానే ఆడచేపను వేరే తొట్టిలోకి మార్చాలి. అక్కడే ఉంచితే మగచేప తరిమి గాయపరుస్తుంది.

ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగులుతాయి. ఆ రాత్రి దీపాన్ని సన్నగా ఉంచి చూడండి. కనురెప్ప వెంట్రుకను తుంచినట్టున్న పిల్లలు, రెండు నల్లటి చుక్కల్లాంటి కళ్లతో, తోకలు కిందికి వేలాడేసి గూటికి అంటుకుని ఉంటాయి. పట్టు జారిన పిల్ల మెలికలు తిరుగుతూ అడుగుకు పోతుంటే తండ్రి దూసుకువెళ్లి నోట్లోకి తీసుకుని, మళ్లీ పైకి తెచ్చి నురుగులో ఊదుతుంది. ఒకటి పెట్టేలోగా మరొకటి జారుతుంది. దానికి విసుగన్నదే ఉండదు. రెండు మూడు రోజులకు పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెడతాయి. అప్పుడు తండ్రినీ తీసేయాలి.

ఆకలి మొదలయ్యేది అప్పుడే. అంతవరకు పొట్ట కింద ఉన్న పచ్చసొన సంచి పోషించింది, ఇప్పుడది కరిగిపోయింది. పొడి మేత పలుకులు చాలావరకు ఆ నోటికి పట్టవు. పైగా కదలనిదాన్ని ఈ పిల్లలు తిండిగా గుర్తించవు. తినకుండా మిగిలింది కుళ్లి అమ్మోనియా అనే విషం అవుతుంది. నా తొట్టిలో జరిగింది అదే.

వాటికి సరిపోయేది బడిలో బొమ్మ గీసిన పారామీసియమే. మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండే ఏకకణ జీవి. గాజు సీసాలో ఉడికించిన వరిగడ్డి పరకలు నాలుగు వేసి, పాత అక్వేరియం నీళ్లు పోయండి. మొదట బాక్టీరియా పెరిగి నీళ్లు పాలలా మారతాయి, వాసన కూడా వస్తుంది. పారబోయకండి. వారానికి అటూ ఇటూగా వాటిని తినే జీవులు పెరిగి నీళ్లు తేరుకుంటాయి. సీసాను వెలుగుకు అడ్డంగా పెడితే సన్నటి తెల్లటి నలుసులు కదులుతూ కనిపిస్తాయి. దీనికి వారం పడుతుంది కాబట్టి, జంటను కలపడానికి ముందే ఈ సీసా సిద్ధం చేసుకోవాలి.

నాలుగైదు రోజుల తర్వాత ఆర్టీమియా అనే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లలను మేతగా పెట్టవచ్చు. ఆంధ్ర తీరంలో రొయ్య పిల్లల హేచరీల్లో పనిచేసినవారికి ఈ పేరు కొత్త కాదు. ఉప్పు సరస్సుల్లో దొరికే దీని ఎండు గుడ్లు ఏళ్ల తరబడి ప్రాణంతో నిద్రపోతాయి. లీటరు నీటిలో 25–30 గ్రాముల ఉప్పు కలిపి, ఈ గుడ్లు వేసి గాలి బుడగలు వదిలితే 24 గంటల్లో అవి పగులుతాయి. గాలి ఆపి సీసా అడుగున దీపం పెడితే ఆర్టీమియా పిల్లలు వెలుగు దగ్గరికి చేరతాయి, పెంకులు పైన తేలతాయి. సన్నటి గుడ్డలో వడగట్టి, మంచినీటితో కడిగి వెంటనే వేయాలి. ఆలస్యమైతే వాటిలోని సొన ఖర్చైపోయి పోషణ తగ్గుతుంది. అయిదు నిమిషాల తర్వాత చూస్తే చేప పిల్లల పొట్టలు నారింజ రంగులో మెరుస్తుంటాయి. ఏ పిల్ల తిన్నదో, ఏది తినలేదో విడిగా లెక్కపెట్టవచ్చు. ఆ రంగు కోసమే ఈ శ్రమంతా పడవచ్చనిపిస్తుంది నాకు.

మూడు నాలుగు వారాలకు గాలి పీల్చే అవయవం పనిలోకి వస్తుంది. తొట్టి మీద మూత తప్పకుండా ఉంచండి, నీటి పైనున్న గాలి వెచ్చగా, తేమగా ఉండాలి. చలికాలంలో ఈ ఒక్క అజాగ్రత్తకే చాలా పిల్లలు పోతాయి. రెండు మూడు నెలలకు మగవి రెక్కలు విప్పి పోట్లాటకు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. అప్పటికి ఒక్కో మగపిల్లకు ఒక్కో గాజు సీసా సిద్ధంగా ఉండాలి. వందకు పైగా కూడా కావలసిరావచ్చు.