డాక్ మారిస్తే మోత తగ్గదు: కంప్యూటర్ సంగీతంపై అపోహలు - వాస్తవాలు

వారానికి రెండు మూడు ఫోన్లయినా ఇదే ప్రశ్నతో వస్తాయి. "ల్యాప్‌టాప్‌లో ఫ్లాక్ పాటలున్నాయి, మంచి యాంప్లిఫయర్ ఉంది, స్పీకర్లూ ఉన్నాయి. అయినా సౌండ్ బాగా లేదండీ. యాభై వేలలో ఏ డాక్ కొనమంటారు?" (డాక్ అంటే కంప్యూటర్‌లో అంకెల రూపంలో ఉన్న పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం; ఫ్లాక్ అంటే నాణ్యత పోకుండా కుదించిన పాట ఫైలు.) ఆ ప్రశ్నకు నేను వేసే ఎదురు ప్రశ్న వాళ్లకు నచ్చదు: "స్పీకర్లు ఎక్కడ పెట్టారు?" కాసేపు ఆగి, "ఎక్కడ పెడతామండీ, టీవీకి అటూ ఇటూ మూలల్లో" అంటారు.

అపోహ: సౌండ్ బాగా లేకపోతే లోపం డాక్‌దే.

నా వృత్తిలో జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ ఒక్క నమ్మకం వల్లే. కూకట్‌పల్లిలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఇంటికి వెళ్లాను. రెండేళ్లలో మూడు డాక్‌లు మార్చారు. ఎవరో చెప్పారని బొటనవేలంత లావు యూఎస్‌బీ కేబుల్ కూడా తెప్పించారు. "కచేరీ పెడితే మృదంగం ఎడమవైపు తొప్పి మోత తప్ప గాత్రం తేటగా వినిపించడం లేదు. నా చెవులే పోయాయేమోనని డాక్టరుకు కూడా చూపించుకున్నాను" అన్నారు. చెవుల్లో ఏ దోషమూ లేదని డాక్టరు చెప్పారట. దాంతో నాలుగో డాక్ వైపు ఆయన మనసు మళ్లింది.

గది పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. కింద పాలరాయి, ఒకవైపు గాజు కిటికీ, కర్టెన్ లేదు. రెండు స్పీకర్లూ మూలలకు ఆనించి ఉన్నాయి. ఆయన కూర్చునే దివాన్ వెనక గోడకు ఆనుకుని ఉంది. పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, దానికి రెట్టింపు 94 దగ్గర ధ్వని ప్రతిధ్వనించి పోగవుతుంది. చదరపు గదిలో పొడవూ వెడల్పూ రెండూ అవే స్వరాలను పెంచుతాయి కాబట్టి మోత మరీ ఎక్కువ. మూలలో పెట్టిన స్పీకర్ ఆ మోతను బాగా రేపుతుంది, గోడకు ఆనుకుని కూర్చున్నవాడికి అదంతా చెవిలో పడుతుంది. కంప్యూటర్ పంపిన అంకెలను విద్యుత్తుగా మార్చడంతో డాక్ పని అయిపోతుంది. దాని తర్వాత గది చేసే అల్లరి దానికి తెలియదు.

స్పీకర్లను మూలల నుంచి రెండున్నర అడుగులు ముందుకు జరిపాం. దివాన్‌ను గోడ నుంచి మూడడుగులు ఇవతలికి లాగాం. లోపలి గదిలో చుట్టిపెట్టిన తివాచీ తెచ్చి పరిచాం, కిటికీకి మందపాటి కర్టెన్ కట్టాం. కొలిచే మైకు పెట్టి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూస్తే గ్రాఫ్‌లో 94 దగ్గర ఇంకా గూని కనిపించింది. విండోస్‌లో ఉచితంగా దొరికే ఈక్వలైజర్ ఏపీవో అనే సాఫ్ట్‌వేర్‌తో అక్కడ 6 డెసిబెల్స్ తగ్గించాను. ఆయన అదే కచేరీ మళ్లీ పెట్టారు. పాట అయ్యేవరకు మాట్లాడలేదు. అయ్యాక, "మరి ఆ మూడు డాక్‌లు ఏం చేయను?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

"మరి కొత్త డాక్ పెట్టగానే నాకు తేడా వినిపించింది కదా" అంటారు. వినిపిస్తుంది, అబద్ధమని నేననను. మామూలు డాక్ గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తుంది, కొన్ని 2.5 ఇస్తాయి. అంటే దాదాపు 2 డెసిబెల్స్ తేడా. అంత చిన్న తేడా పెద్ద శబ్దంలా తోచదు, 'మెరుగ్గా ఉంది' అనిపిస్తుంది. రెండింటి శబ్దాన్నీ సమం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా విని చూడండి. ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయర్‌లో ఏబీఎక్స్ అనే పరీక్ష ఉంది. దాంతో రెండు ఫైళ్లనూ ఇలాగే పోల్చుకోవచ్చు.

ఈ విషయంలో నేనూ బోల్తా పడ్డాను. కొత్త డాక్ కొన్న రోజుల్లో పాతదీ కొత్తదీ రెండూ యాంప్లిఫయర్‌కు కలిపి ఉంచాను. కొత్తదాని గొప్పతనం గురించి వారం పాటు కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఒకరోజు మా అమ్మాయి ఏదో వీడియో చూస్తూ, "నాన్నా, దీంట్లో అవుట్‌పుట్ పాతదే సెలెక్ట్ అయి ఉందేమిటి?" అంది. వారమంతా నేను విన్నది పాత డాక్‌నే.

అపోహ: 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైలైతేనే హైఫై.

ఇక్కడ బిట్లంటే ధ్వనిని కొలిచిన ఒక్కో శాంపిల్ ఎంత సూక్ష్మమో, కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని వేల శాంపిళ్లో చెప్పేవి. సీడీ ప్రమాణమైన 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లోనే మనిషి చెవి వినగల 20 కిలోహెర్ట్జ్ దాకా ఇమిడిపోతుంది. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు హైరెజల్యూషన్ డిస్కులను సీడీ స్థాయికి కుదించి వినిపిస్తే, శ్రోతలు 554 సార్లలో 276 సార్లు మాత్రమే సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా అంతే. ఇక 1950ల నాటి ఘంటసాల పాటలను మోనో టేపు నుంచి 192లోకి ఎక్కించి ఎక్కువ ధరకు అమ్మితే కొనేవారిని చూస్తే జాలేస్తుంది. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చుకుని 'ఇప్పుడు క్వాలిటీ వచ్చింది' అనేవారితో వాదించడం మానేశాను. ఫైలు బరువెక్కుతుంది, అంతే.

అపోహ: బిట్-పర్ఫెక్ట్ సెట్టింగ్ లేకుండా విండోస్‌లో సంగీతం వినకూడదు.

బిట్-పర్ఫెక్ట్ అంటే ఫైలులోని అంకెలు ఏమాత్రం మారకుండా డాక్‌కు చేరడం. విండోస్ అన్ని శబ్దాలనూ కలిపి ఒకే శాంప్లింగ్ రేటుకు మారుస్తుందన్నది నిజం. ప్లేయర్‌లో వాసాపి ఎక్స్‌క్లూజివ్ (డాక్‌ను ఆ ఒక్క ప్లేయర్‌కే అప్పగించే సెట్టింగ్) పెడితే అది తప్పుతుంది. అయితే అలా పెట్టగానే ఈక్వలైజర్ ఏపీవో పక్కకు తప్పుకుంటుంది. 94 దగ్గర మోత తగ్గడమా, చెవికి అందని బిట్ల పవిత్రతా అంటే నేను మొదటిదే ఎంచుకుంటాను. యూఎస్‌బీ డాక్‌కు డ్రైవర్ దొరకలేదని కంగారుపడేవారికి ఒక మాట: 2017 నుంచి విండోస్ 10 చాలా డాక్‌లను తనంతట తానే గుర్తిస్తోంది.

అపోహ: స్పీకర్లలో గుయ్ మనే హమ్ వస్తే డాక్ పాడైనట్టే.

ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి ఏర్పడే వలయం. ల్యాప్‌టాప్‌నూ యాంప్లిఫయర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. అప్పటికీ పోకపోతే, రెండువైపులా సౌకర్యం ఉంటే ఆప్టికల్ కేబుల్ వాడండి. అంతే తప్ప ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయకండి. మొన్న ఒక ఇంట్లో ఎవరో ఆ పిన్ను కోసేసి 'హమ్ పోయింది' అని డబ్బు పుచ్చుకుని వెళ్లారట. యాంప్లిఫయర్ మూత మీద చెయ్యి వేస్తే జివ్వుమంది. ముందు ప్లగ్గు మార్చాను, ఆ తర్వాతే పాట పెట్టాను.