భోపాల్‌లో ఆగిపోయిన ఇంజెక్షన్

యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విషవ్యర్థాలను 2025లో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పారిశ్రామిక పట్టణం పీథంపూర్‌కు తీసుకెళ్లి కాల్చేశారు. ఆ బూడిదను ఎక్కడ పూడ్చాలన్న గొడవతో భోపాల్ మళ్లీ వార్తల్లోకొచ్చింది. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి ఆ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. బాధితులు నేటికీ అడుగుతున్నది మాత్రం తమ ఒంట్లోకి ఏం వెళ్లిందని. ఆ ప్రశ్నకు జవాబు దొరక్కుండా పోయింది ఆ తర్వాతి కొన్ని రోజుల్లోనే.

శవపరీక్షలు చేసిన ఫోరెన్సిక్ డాక్టర్ హీరేశ్ చంద్రకు మొదట అనుమానం కలిగించింది రంగు. ఆక్సిజన్ వాడేసిన రక్తం సిరల్లో ముదురుగా, కాస్త నల్లగా ఉండాలి. ఇక్కడ రక్తం, ఊపిరితిత్తులు చెర్రీ పండులా ఎర్రగా ఉన్నాయి. అది సైనైడ్ విషానికి ఒక గుర్తు. ఒంట్లోని కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా సైనైడ్ అడ్డుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా మనిషి లోపల ఊపిరాడక చచ్చిపోతాడు.

దానికి విరుగుడుగా ఆయన చెప్పింది సోడియం థయోసల్ఫేట్. అది ఇచ్చే గంధకంతో శరీరం సైనైడ్‌ను థయోసయనేట్‌గా మార్చి మూత్రంలో పంపేస్తుంది. పెద్దవాళ్లకు 12.5 గ్రాములు, నరంలోకి నెమ్మదిగా. చవకైన మందు, పెద్దగా హాని లేనిది. సైనైడ్ అనుమానం ఉంటే ఇదే వాడమని మొదట కార్బైడ్ కంపెనీయే టెలెక్స్ (ఆనాటి టెలిగ్రామ్ లాంటి సందేశం) పంపింది. తర్వాత మాట మార్చింది. జర్మనీ నుంచి ఈ మందు తెచ్చిన విషవైద్య నిపుణుడు మాక్స్ డాండరర్‌ను వెనక్కి పంపేశారు. సైనైడ్ అని ల్యాబ్‌లో తేలితే తప్ప ఇంజెక్షన్ ఇవ్వొద్దని రాష్ట్ర ఆరోగ్యశాఖ సర్క్యులర్ తీసింది.

నా దృష్టిలో మొత్తం కథ మలుపు తిరిగింది ఆ కాగితంతోనే. సైనైడ్ పరీక్ష ఫలితం వచ్చేదాకా రోగి ఆగలేడు, ఈలోగా రక్తంలో సైనైడూ తగ్గిపోతుంది. అందుకే ఇప్పుడు డాక్టర్లు లక్షణాలు చూసి మొదలుపెడతారు. ఇల్లు కాలి పొగ పీల్చినవాళ్లకు ముక్కులో మసి, పడిపోయిన బీపీ, స్పృహ లేకపోవడం, రక్తంలో బాగా పెరిగిన లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ అందనప్పుడు పేరుకునే పదార్థం) కనిపిస్తే చాలు. సోఫా ఫోమ్ కాలినా సైనైడ్ పుడుతుంది. అలాంటి చోట హైడ్రాక్సోకోబాలమిన్ అనే సైనైడ్ విరుగుడు అందుబాటులో ఉంటే 5 గ్రాములు ఎక్కిస్తారు, రిపోర్టు కోసం కూర్చోరు.

ఆ రాత్రి లీకైన మిథైల్ ఐసోసయనేట్ నీళ్లతో కలిస్తే సైనైడ్ రాదని, ఎరుపు ఒక్కటే రుజువు కాదని కంపెనీ వైపు వాదన. రెండో మాటలో నిజం లేకపోలేదు. కానీ 1985 మొదట్లో భారత వైద్య పరిశోధన మండలి పరీక్షించి చూసింది. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల మూత్రంలో థయోసయనేట్ బాగా పెరిగింది, బాధా తగ్గింది. ఫిబ్రవరిలో మండలి ఈ మందును సిఫార్సు చేసింది. అయినా జూన్‌లో ఇదే ఇంజెక్షన్ ఇస్తున్న వాలంటీర్ల క్లినిక్‌పై పోలీసులు దాడి చేసి డాక్టర్లను అరెస్టు చేశారు, రికార్డులు పట్టుకెళ్లారు. ఈ ఇంజెక్షన్ కోసం చివరికి సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

గ్యాస్ కళ్లను, ఊపిరితిత్తులనే కాల్చిందంటే అది కొన్నాళ్ల జబ్బు. విషం రక్తంలోకి వెళ్లిందని ఒప్పుకుంటే ఒళ్లంతా, జన్మంతా జబ్బే, పరిహారం లెక్కే మారిపోతుంది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఐదు లక్షల మందికి పైగా బాధితులు తాత్కాలిక గాయాల ఖాతాలో పడ్డారు. పరిహారం పెంచాలన్న క్యూరేటివ్ పిటిషన్‌ను (తుది తీర్పును సరిదిద్దమని కోరే ఆఖరి అర్జీ) 2023 మార్చి 14న సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఆ డిసెంబర్‌లో ఇంజెక్షన్ ఇచ్చి, ముందూ తర్వాతా ఒక్కో సీసా మూత్రం పట్టి పరీక్షించి ఉంటే, ఒంట్లో విషం ఉందని చెప్పే కాగితం ఒకటి వాళ్ల చేతిలో ఉండేది.