కడుపుతో ఉందో లేదో తేలని ఫాస్టర్ పిల్లి: అపోహలు - వాస్తవాలు

ఆడపిల్లి వచ్చింది. వయసెంతో తెలియదు, గండుపిల్లితో ఎప్పుడు కలిసిందో తెలియదు, పొట్ట మాత్రం కాస్త ఎత్తుగా ఉంది. శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా పిల్లుల్ని తమ దగ్గర ఉంచుకునేవారికి ఇది తరచూ ఎదురయ్యే పరిస్థితే. చూలు లేదని డాక్టర్ తేల్చేదాకా దాన్ని చూడి పిల్లిగానే చూడండి. ఆ అంచనా తప్పైతే పోయేది కాస్త ఎక్కువ తిండి, ఒక అట్టపెట్టె. చూడి పిల్లిని కాదనుకుంటే మాత్రం ఒక్క మందు మోతాదుతో కడుపులోని కూనలకు ముప్పు రావచ్చు.

అపోహ: పొట్ట చూస్తే తెలిసిపోతుంది.

నాలుగైదు వారాలు దాటేదాకా పొట్టలో పెద్ద తేడా కనిపించదు. ఉబ్బిన పొట్టంతా చూలూ కాదు. కడుపులో పురుగులు, కొవ్వు, పొట్టలో నీరు చేరే జబ్బులు కూడా అలాగే కనిపిస్తాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది గర్భసంచిలో చీము పట్టడం. పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతూ, తిండి మానేసి, మందకొడిగా పడి ఉంటే, కింద చీములాంటి స్రావం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. స్రావం బయటికి రాని రకం ఇంకా ప్రమాదం.

బరువును కూడా గుడ్డిగా నమ్మలేం. ఆకలితో వచ్చిన పిల్లి కడుపునిండా తింటే చూలు లేకపోయినా బరువెక్కుతుంది. కాస్త నమ్మదగిన గుర్తు చనుమొనలు. మూడో వారానికి అవి గులాబీ రంగుకు తిరిగి ఉబ్బుతాయి, చుట్టూ వెంట్రుకలు పలచబడతాయి. తొలిచూలు పిల్లిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఇంతకుముందు ఈనిన పిల్లికి మొనలు ముందే పెద్దవిగా ఉంటాయి కాబట్టి అక్కడ పొరబడే అవకాశం ఎక్కువ. చెవి కొన కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోయిన పిల్లి కావచ్చు, డాక్టర్‌కు ఆ సంగతి చెప్పండి.

మీరే పొట్ట నొక్కి చూడొద్దు. చెయ్యి తిరిగిన డాక్టర్ మూడు, నాలుగు వారాల మధ్య తడిమి చెప్పగలరు. స్కానింగ్‌లో సుమారు 20 రోజులకు గర్భం, 25 రోజులకల్లా గుండె కొట్టుకోవడం కనిపిస్తాయి. ఎన్ని కూనలో లెక్క కావాలంటే ఎముకలు గట్టిపడాలి, అందుకే ఎక్స్‌రే 45 రోజులు దాటాకే తీయిస్తారు. ఆ లెక్క ఈనే రోజున అక్కరకొస్తుంది. మనుషుల గర్భపరీక్ష కిట్లు పిల్లికి పనిచేయవు. అవి వెతికే హార్మోన్ పిల్లిలో ఉండదు.

అపోహ: జతకట్టిన తేదీ తెలియకపోతే లెక్కే కట్టలేం.

పిల్లి చూలు సాధారణంగా 63 నుంచి 65 రోజులు, అటూ ఇటూ అయితే 58 నుంచి 70. కాబట్టి పిల్లి మీ ఇంటికి వచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. గండుపిల్లి తగలకుండా గదిలో 70 రోజులు గడిచినా ఈనకపోతే చూలు లేదనే లెక్క. ఈలోగా ప్రతి వారం ఒకే వేళకు బరువు చూసి రాయండి. స్కానింగ్‌కు వెళ్లినప్పుడు ఆ కాగితం డాక్టర్‌కు బాగా ఉపయోగపడుతుంది.

అపోహ: ఇది ఇంకా కూనే, దీనికి చూలేమిటి?

నాలుగు నెలలకే ఎదకు వచ్చే పిల్లులున్నాయి. పాలిచ్చే తల్లి కూడా ఈనిన కొన్ని వారాలకే మళ్లీ చూలు కట్టగలదు. తోడబుట్టినవైనా పిల్లులకు పట్టింపు లేదు. ఒకే ఈతలో పుట్టిన కూనలకు తండ్రులు వేరువేరుగా ఉండొచ్చు.

అపోహ: చూడి పిల్లికి పాలు, కాల్షియం బాగా పట్టించాలి.

పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. చూలప్పుడు కాల్షియం మాత్రలు వేస్తే, ఒంట్లోని నిల్వల్లోంచి కాల్షియం తీసుకునే ఏర్పాటు మందగిస్తుంది. తీరా పాలు పడ్డాక అవసరం ఒక్కసారిగా పెరిగి వణుకు, ఫిట్స్ రావచ్చు. వైద్యుడు చెబితే తప్ప వేయకండి.

పెట్టాల్సింది కూనల కోసం తయారైన ఆహారం. అందులో మాంసకృత్తులు, శక్తి, కాల్షియం తగిన పాళ్లలో ఉంటాయి. ఒకేసారి మార్చకుండా వారం రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచండి. చివరి వారాల్లో మామూలు తిండికి ఒకటిన్నర రెట్లు, పాలిచ్చేటప్పుడు రెండు మూడు రెట్లు తింటుంది. కూనలు పొట్టను నొక్కేస్తుంటాయి కాబట్టి ఒకేసారి ఎక్కువ తినలేదు. రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి.

అపోహ: రాగానే టీకాలు, పురుగుల మందులు అన్నీ వేయించేస్తే మంచిది.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బుకు, బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసే టీకాను చూడి పిల్లికి వేస్తే, కూనల చిన్నమెదడు సరిగా ఎదగక అవి జీవితాంతం తూలుతూ నడవొచ్చు. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్ కూనల్లో అవయవ లోపాలు తెస్తుంది. కుక్కల ఒంటిమీది పురుగులకు వాడే పెర్మెత్రిన్ మందులైతే చూలుతో సంబంధం లేకుండా ఏ పిల్లినైనా చంపగలవు. పారాసిటమాల్ కూడా అంతే.

అలాగని పురుగుల మందు అసలే వద్దనుకోవడం కూడా సరికాదు. ఏలికపాములు తల్లి పాల ద్వారా కూనలకు చేరతాయి. చూలులో వాడదగ్గ మందులున్నాయి, బరువు చూసి డాక్టర్ ఇస్తారు. క్లినిక్‌లో మొట్టమొదట చెప్పాల్సిన మాట "చూలు ఉండొచ్చు" అని. పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ వైరస్‌లకు రక్తపరీక్షలూ అప్పుడే చేయించండి. ఇంట్లో వేరే పిల్లులుంటే కనీసం రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి.

అపోహ: ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపేయాల్సిందే.

భయం కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి. పిల్లి మలంలో వచ్చే ఆ క్రిమి గుడ్లు అంటించే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి లిట్టర్ పెట్టెను రోజూ, వేరొకరు, గ్లవ్స్ వేసుకుని శుభ్రం చేస్తే చాలు. పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి. సరిగా ఉడకని మాంసం తినడం, మట్టిలో ఉత్త చేతులు పెట్టడం కూడా ఈ క్రిమి సోకే దారులే. పాపం పిల్లి ఒక్కదాన్నే నిందిస్తారు.

అపోహ: పిల్లి ఎక్కడో అక్కడ ఈనేస్తుంది, మనం చేసేదేమీ లేదు.

మీరు చోటు చూపకపోతే అది బట్టల అలమరానో మంచం అడుగునో ఎంచుకుంటుంది. ఈనడానికి రెండు వారాల ముందే సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న పెట్టెను చీకటిగా, సందడి లేని మూల పెట్టండి. ఒకవైపు గోడ 12 నుంచి 15 సెంటీమీటర్లుంటే తల్లి దాటగలదు, కూనలు దొర్లిపోవు. అడుగున వార్తాపత్రికలు, పైన దారాలు ఊడిరాని పాత తువ్వాళ్లు. గోళ్లకు చిక్కుకునే ఊలు బట్ట వద్దు. రెండు చోట్ల పెట్టెలు పెడితే నచ్చింది అదే ఎంచుకుంటుంది.

మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉండే ఒంటి వేడి, ఈనే ముందురోజు 37.8 కంటే దిగొచ్చు. కొలవనివ్వకపోతే బలవంతం చేయొద్దు. తిండి మానడం, పెట్టెను గోకడం, అటూ ఇటూ తిరగడం చాలు గుర్తుపట్టడానికి. ఈ దశ 24 గంటల వరకూ సాగొచ్చు. కూనకూ కూనకూ మధ్య పది నిమిషాల నుంచి గంట దాకా పట్టొచ్చు. ఎదురుకాళ్లతో పుట్టడం పిల్లుల్లో మామూలే. చుట్టూ గోల ఎక్కువైతే కొన్ని పిల్లులు ఈత మధ్యలో ఆపేసి, తిని పడుకుని, మర్నాడు మిగతావి కంటాయి. తల్లి హాయిగా ఉన్నంతసేపూ కంగారు లేదు.

వెంటనే డాక్టర్‌ను పిలవాల్సినవి ఇవి: బలంగా ముక్కుతున్నా 20-30 నిమిషాల్లో కూన రాకపోవడం, సగం వచ్చి పది నిమిషాలు ఇరుక్కుపోవడం, తొలి కూన రాకముందే ఆకుపచ్చని స్రావం, ఆగని ఎర్రని రక్తం, లోపల కూనలున్నాయని తెలిసి తల్లి అలసిపోయి వాలిపోవడం.

పుట్టిన కూన మీది పొరను తల్లి నిమిషంలోగా చింపకపోతే మీరు ముక్కు దగ్గర చింపండి. నోరు తుడిచి, పొడి తువ్వాలుతో గట్టిగా రుద్దండి. పట్టుకుని ఊపే పద్ధతి వద్దు, మెదడుకు దెబ్బ. బొడ్డుతాడును పొట్టకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో దారంతో కట్టి, ముడికి అవతల కత్తిరించాలి. లాగొద్దు. కూనకొక మాయ చొప్పున లెక్కపెట్టండి. తల్లి తినేసేవి కూడా లెక్కలోకే.

అపోహ: మనిషి తాకితే తల్లి కూనల్ని వదిలేస్తుంది.

మచ్చికైన పిల్లి అలా వదలదు. పైగా తాకి తీరాలి, ఎందుకంటే రోజూ బరువు చూడాలి. గ్రాములు చూపే వంటింటి త్రాసు చాలు. పుట్టినప్పుడు 90-110 గ్రాములుండే కూన రోజుకు 10-15 గ్రాములు పెరగాలి. ఒక రోజంతా పెరగకపోయినా జాగ్రత్తపడండి. చల్లబడిన కూనకు పాలు పట్టకూడదు, అరగవు. ముందు మెల్లగా వెచ్చబరచాలి. మొదటి వారం పెట్టెలో 30-32 డిగ్రీల వెచ్చదనం కావాలి. హీటింగ్ ప్యాడ్‌ను సగం భాగం కిందే పెడితే, వేడెక్కువైన కూన పక్కకు జరుగుతుంది.

అపోహ: ఒక్క ఈతైనా అయ్యాకే ఆపరేషన్ చేయించాలి.

ఆరోగ్యపరంగా ఆ ఈత వల్ల ఒరిగేది లేదు. ఆరు నెలల లోపు ఆపరేషన్ అయితే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. చూలుతో ఉండగానూ చేయొచ్చు, కానీ ఆ నిర్ణయం పిల్లి బాధ్యత తీసుకున్న సంస్థ, డాక్టర్ కలిసి తీసుకోవాలి. వచ్చిన మొదటి వారంలోనే అడిగేయండి, ఎంత ఆలస్యమైతే అంత కష్టం. ఈనిన పిల్లికైతే కూనలు ఎనిమిది వారాలకు పాలు మానాక, పొదుగు ఆరేందుకు మరో రెండు వారాలు ఆగి చేయిస్తారు. అప్పటిదాకా తలుపులు, కిటికీలు మూసే ఉంచండి. మగకూనలను కూడా నాలుగు నెలలు నిండకముందే తల్లి నుంచి, అక్కచెల్లెళ్ల నుంచి వేరు చేయాలి.