ఈ జ్వరం ఏ పశువు నుంచి వచ్చింది?

వేరుశనగ చేతికి రాని ఏడాది చిత్తూరు జిల్లాలో చాలా ఇళ్లను నిలబెట్టేది పాల డబ్బే. అందుకే చూడి ఆవు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతే ఆ ఇంటికి పెద్ద దెబ్బ. దూడ పోయింది, ఆ ఈతలో రావాల్సిన పాలూ తగ్గిపోతాయి. ఇంట్లో ఎవరో ఒకరు చచ్చిన దూడను, మాయను ఒట్టి చేతులతో ఎత్తి పెంటదిబ్బలో పడేస్తారు. కొన్ని వారాలకు ఆ మనిషికే సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రంతా చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు. టైఫాయిడ్ అనుకుని మందులు వాడతారు. తగ్గినట్టే తగ్గి జ్వరం మళ్లీ వస్తుంది.

ఆవుకు, మనిషికి వచ్చింది ఒకే జబ్బు అయి ఉండొచ్చు. దాని పేరు బ్రూసెల్లోసిస్, తెచ్చేది బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా. ఆ అనుమానాన్ని తేల్చగలిగేది బ్యాక్టీరియా జన్యు టైపింగ్. రోగి రక్తంలో దొరికిన బ్యాక్టీరియా డీఎన్‌ఏని, పశువులో దొరికినదాని డీఎన్‌ఏతో పోల్చి, రెండూ ఒకే వంశానివా కాదా అని చూడటమే ఈ పని.

బ్రూసెల్లా విషయంలో దీనికి ప్రత్యేకమైన విలువ ఉంది. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు. అంటే ఒక మనిషికి వచ్చిందంటే, దాని వెనక దాదాపు ఎప్పుడూ ఒక పశువు ఉంటుంది. మనిషికి మందులిచ్చి పంపేసి ఆ పశువును వెతక్కపోతే, అదే కొట్టం నుంచి ఇంకొకరికి వస్తుంది.

ఈ పోలిక ఎంత ఆలస్యంగా జరిగిందో తలుచుకుంటే బాధేస్తుంది. 1887లో బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ మాల్టా దీవిలో జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో ఒక సూక్ష్మజీవిని గుర్తించారు. 1897లో డెన్మార్క్ పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బ్యాంగ్, ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టారు. మనుషుల డాక్టర్లు ఒకదాన్ని, పశువుల డాక్టర్లు ఇంకొకదాన్ని చూస్తూ ఇరవై ఏళ్లు గడిపేశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించి, ఇవి దగ్గరి చుట్టాలని 1918లో చెప్పింది అమెరికా శాస్త్రవేత్త ఆలిస్ ఎవాన్స్. పచ్చిపాలతో మనుషులకూ ముప్పు ఉండొచ్చని ఆమె హెచ్చరిస్తే చాలామంది నమ్మలేదు. తర్వాత ఆమెకే ఆ జబ్బు సోకి, ఏళ్ల తరబడి బాధపెట్టింది.

ఇప్పుడు మన దగ్గర మొదట తేలాల్సింది, బ్రూసెల్లాలో ఏ జాతి అన్నది. అబార్టస్ అనే జాతి ఎక్కువగా ఆవులు, గేదెల్లో ఉంటుంది. మెలిటెన్సిస్ మేకలు, గొర్రెల్లో ఉంటుంది. మనుషుల్ని ఎక్కువగా బాధించేది ఈ రెండోదే. మన పల్లెల్లో ఆవును కట్టేసిన చోటే మేకలూ పడుకుంటాయి, కాబట్టి మెలిటెన్సిస్ ఆవుకూ ఎక్కవచ్చు. ఆవులో అదే దొరికిందంటే, ఆవులకు టీకాలు వేసి ఊరుకుంటే సరిపోదు, మందలోని మేకల్నీ పరీక్షించాలి. డీఎన్‌ఏ ముక్కను ఎన్నో నకళ్లుగా పెంచి చూసే ఒక్క పీసీఆర్ పరీక్ష ఫలితంతో చేయాల్సిన పనే మారిపోతుంది.

జాతి తెలిశాక, ఏ కొట్టం నుంచి వచ్చిందో తేల్చడం ఇంకా కష్టం. సాధారణంగా బ్యాక్టీరియాలో ఏడు జన్యువుల అక్షరక్రమం చదివి టైపు చెబుతారు. 1998లో వచ్చిన ఈ పద్ధతి చాలా సూక్ష్మజీవులకు బాగా పనిచేస్తుంది. కానీ బ్రూసెల్లాలన్నీ డీఎన్‌ఏలో ఒకదానికొకటి మరీ దగ్గర. అలాంటి జన్యువులు కొన్ని చదివితే పక్కపక్క ఊళ్ల బ్యాక్టీరియాలు ఒకేలా కనిపిస్తాయి.

అందుకని శాస్త్రవేత్తలు త్వరగా మారే చోట్లను వెతికారు. బ్రూసెల్లా డీఎన్‌ఏలో కొన్నిచోట్ల ఒకే చిన్న ముక్క పక్కపక్కనే చాలాసార్లు వస్తుంది. బ్యాక్టీరియా రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ నకలు తీసే ఎంజైమ్ ఇక్కడ అప్పుడప్పుడు జారుతుంది. ఐదు ముక్కలున్న చోట నకలులో ఆరు పడతాయి, లేదా నాలుగే పడతాయి. ఆ తేడా దాని సంతానానికి వస్తుంది. ఇలాంటి చోట్లను పీసీఆర్‌తో పెంచి, వచ్చిన ముక్క పొడవు కొలిస్తే ఎన్నిసార్లు పునరావృతమైందో తెలిసిపోతుంది. బ్రూసెల్లాకు ఇలాంటివి పదహారు చోట్లు చూస్తారు. పదహారు అంకెల వరుస వస్తుంది. వాటిలో నెమ్మదిగా మారేవి జాతిని, పాత వంశాన్ని చెబుతాయి. వేగంగా మారేవి ఈ మందకూ ఆ మందకూ తేడా చూపిస్తాయి. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది ఇదే: నకలులో పడిన తప్పులే ఆనవాళ్లయ్యాయి. ఈమధ్య మొత్తం జన్యుపటాన్నే చదివేస్తున్నారు. సుమారు 33 లక్షల అక్షరాలు, రెండు క్రోమోజోములు.

అంకెలు కలిసినంత మాత్రాన కేసు తేలినట్టు కాదు. ఊరంతా ఒకే టైపు ఉంటే, రోగి బ్యాక్టీరియా ఫలానా ఇంటి ఆవుతో కలిసినా కొత్తగా తెలిసేది తక్కువ. చుట్టుపక్కల మందల నమూనాలూ ఉంటేనే పోలికకు బలం.

టైపింగ్ ఇంకో చిక్కునూ విప్పుతుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు వేసే ఎస్-19 టీకాలో ఉండేది బలం తగ్గించిన, బతికున్న అబార్టస్ బ్యాక్టీరియా. టీకా వేసేవారికి సూది గుచ్చుకుంటే వాళ్లకూ జ్వరం రావచ్చు. ఎస్-19 డీఎన్‌ఏలో ఒకచోట 702 అక్షరాలు లేవు. ఆ ఖాళీ కనిపిస్తే అది టీకా నుంచి వచ్చినదని, లేకపోతే పశువు నుంచి వచ్చినదని చెప్పవచ్చు.

తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, పెద్దాసుపత్రులున్నాయి. రాయలసీమ రోగులు, పశువులు రెండూ చేరే ఇలాంటి ఊళ్లో ఈ రెండు వైపుల నమూనాలు ఒకే బల్ల మీదికి రావాలని నా కోరిక. అందుకు ముందు జరగాల్సినవి చిన్న పనులే. జ్వరం తగ్గని మనిషిని "ఇంట్లో పశువులున్నాయా, ఈమధ్య ఏదైనా ఈసుకుపోయిందా?" అని డాక్టర్ అడగాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూడటానికి, రక్తం తీయాలి, ఎందుకంటే మందు పడ్డాక బ్యాక్టీరియా పెరగడం కష్టం. చికిత్స సాధారణంగా రెండు మందులతో ఆరు వారాలు, మధ్యలో ఆపకూడదు. మనం పాలు కాచే తాగుతాం కాబట్టి ఆ దారి చాలావరకు మూసుకున్నట్టే. తెరిచి ఉన్నది చేతుల దారి. దూడను, మాయను ముట్టుకునేటప్పుడు గ్లౌజులు ఉండాలి, పాతిపెట్టేటప్పుడు సున్నం చల్లాలి. పాతిపెట్టకముందే పశువుల డాక్టరుకు ఫోన్ చేయాలి. చచ్చిన దూడ కడుపులోని ద్రవంలో బ్యాక్టీరియా బాగా దొరుకుతుంది, అది మట్టిలో కలిసిపోతే ల్యాబ్‌లో రోగి నమూనాను పోల్చడానికి ఏమీ మిగలదు.