అడవివరం దగ్గర బీఆర్‌టీఎస్ ఎందుకు ఇరుక్కుంది?

విశాఖలో ఎటు వెళ్లాలన్నా చివరికి హైవే ఎక్కాల్సిందే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండలు, దక్షిణాన పోర్టు, రైల్వే, నేవీ భూములు. మిగిలిన సందులోంచే చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి పోతుంది. ఒకప్పుడు ఎన్‌హెచ్ 5, ఇప్పుడు 16. లారీకీ అదే దారి, స్కూలు ఆటోకీ అదే దారి. హనుమంతవాక దగ్గర కొండల మధ్య నుంచి సింహాచలం వైపు ఇంకో పెద్ద రోడ్డు ఉండాలన్న ఆలోచన ఈ ఇరుకులోంచి పుట్టిందే.

2005 డిసెంబరులో కేంద్రం నగరాల అభివృద్ధికి జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం మొదలుపెట్టాక, దాని కింద నగరానికి బీఆర్‌టీఎస్, అంటే బస్సులకు ప్రత్యేక వరుసలుండే రోడ్డు వచ్చింది. రెండు కారిడార్లు. ఒకటి ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా పెందుర్తికి. రెండోది హనుమంతవాక, ఆరిలోవ, ముడసర్లోవ, అడవివరం, సింహాచలం మీదుగా. మొదటిది పూర్తయింది. రెండోది అడవివరం దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయింది. పథకం గడువు 2014లో ముగిసినా రోడ్డు మాత్రం ముడి వీడలేదు.

ఇలాంటి రోడ్డుకి మొదటి పని బండ్ల లెక్క. జంక్షన్‌లో ఒక్కో దారికి ఒక్కో కుర్రాడు నిలబడతాడు. చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితం. బైకు పోతే బైకు గడిలో ఒక గీత, ఆటో పోతే ఆటో గడిలో. నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. పావుగంటకో వరుస మారుతుంది. ఇప్పుడు కెమెరాలూ ఈ పని చేస్తున్నాయి. తర్వాత ఆ గీతలన్నిటినీ కార్ల లెక్కలోకి మారుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన పట్టికలో కారు 1 అయితే బైకు 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు 2.2 నుంచి 3.7. రోడ్డు మీద ఆ రకం బండ్ల వాటా పెరిగితే దాని అంకె కూడా పెరుగుతుంది.

లెక్క మామూలు రోజున తీయాలి, పండగ రోజున తీయకూడదు. పద్ధతి సరైనదే. కానీ ఇది సింహాచలం అప్పన్న దారి. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిమెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు బయల్దేరే జనం అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగానే నడుస్తారు. లక్షల మంది, చాలామంది చెప్పుల్లేకుండా. ఆ పట్టికలో తోపుడు బండికి అంకె ఉంది, నడిచే మనిషికి లేదు. ఈ రోడ్డు విషయంలో అది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

అసలు ముడి మాత్రం భూమి దగ్గర పడింది. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం. మనం పంచగ్రామాలు అనేది వీటినే. 1996లో ఇక్కడి సుమారు 9 వేల ఎకరాలకు సింహాచలం దేవస్థానం పేరున రైత్వారీ పట్టా, అంటే యాజమాన్య హక్కు పత్రం వచ్చింది. అప్పటికే తరాలుగా ఉంటున్నవాళ్లు, సెంటో రెండు సెంట్లో కొనుక్కుని ఇల్లు కట్టుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇంటి పన్ను కట్టేది వాళ్లే, కరెంటు మీటరు వాళ్ల పేరునే. భూమి మాత్రం దేవుడిది. అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ కాదు, కూతురి పెళ్లికి తాకట్టు పెడదామంటే బ్యాంకు ఒప్పుకోదు.

ఇప్పుడు అలాంటి ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో మార్కింగ్ పడిందనుకోండి. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం పాత 1894 చట్టం కంటే చాలా మెరుగు. ముందు సామాజిక ప్రభావ అంచనా, తర్వాత నోటిఫికేషన్, అభ్యంతరాలు, డిక్లరేషన్, చివరికి పరిహారం తేల్చే అవార్డు. పరిహారం మీద నూరు శాతం సొలేషియం, అంటే అంతే మొత్తం అదనంగా. అయితే చెక్కు ఎవరి పేరున రాయాలి? పట్టా ఉన్న దేవస్థానానికా, ఆ గోడల మధ్య పిల్లల్ని పెంచినవాళ్లకా? డబ్బుకు బదులు టీడీఆర్ బాండు (ఇంకోచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు) ఇద్దామన్నా అదే చిక్కు, అదీ హక్కు చూపినవాళ్లకే. రోడ్డు గీత గీయడానికి ముందే ఈ హక్కుల సంగతి తేల్చి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదని గట్టిగా నమ్ముతాను.

పైగా విశాఖకు పాత గాయం ఉంది. 1971లో శంకుస్థాపన జరిగిన స్టీల్‌ప్లాంట్ కోసం 64 గ్రామాలు లేచిపోయాయి. ఉద్యోగం ఇస్తామని చేతికిచ్చిన ఆర్ కార్డుల్ని ఇప్పటికీ దాచుకున్న నిర్వాసిత కుటుంబాలు గాజువాక చుట్టుపక్కల ఉన్నాయి. సర్వేయర్ కనిపిస్తే టెన్షన్ ఊరికే రాదు.

ఇప్పుడు మెట్రో వంతు. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34 కిలోమీటర్ల మొదటి కారిడార్ ఆ హైవే మీదే. కొంత మేర కింద ఫ్లైఓవర్, పైన రైలు వచ్చేలా డబుల్ డెక్కర్ ప్రతిపాదన కూడా ఉంది. స్తంభాలు డివైడర్‌లో నిలబడతాయి కాబట్టి భూమి పెద్దగా అక్కర్లేదని అంటుంటారు. కానీ స్టేషన్ మెట్లు దిగేది రోడ్డు పక్కకే, ఏదో ఒక టిఫిన్ కొట్టు ముందుకే. బండ్లు లెక్కపెట్టే కుర్రాడు నిలబడిన రోజునే, ఆ కొట్టు స్థలం ఎవరిదో, అందులో అద్దెకున్నది ఎవరో అడిగి రాసుకునే మనిషి కూడా అక్కడ ఉండాలి.