సీసా తిరిగి పంపుతున్నాను

పర్లాకిమిడి

బుజ్జీ, చిన్నోడా,

మీరిద్దరూ కూడబలుక్కుని భువనేశ్వర్ నుంచి పంపిన మందుల సీసా అందింది. ‘వయసును వెనక్కి తిప్పే యాంటీ ఆక్సిడెంట్లు’ అని దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది. అంటే ఒంట్లో ఆక్సిజన్ చేసే చెరుపును ఆపే పదార్థాలన్నమాట. ఇలాంటివి నా మందుల కొట్లో ఎన్ని అమ్మానో లెక్కే లేదు. మీ ప్రేమకు సంతోషమే గానీ, మీ నాన్న వచ్చినప్పుడు సీసా తిరిగి పంపేస్తున్నా. ఎందుకో చెప్పాలి కదా. మీరు బళ్లో చదివేది ఒడియా, ఇంగ్లీషు. నా రాత అర్థం కాకపోతే అమ్మ చేత చదివించుకోండి.

నాయనమ్మ వంకాయలు తరిగిన వెంటనే ఉప్పునీళ్లలో పడేస్తుంది, చూశారా? గాలి తగిలితే ముక్కలు నల్లబడతాయి. అది ఆక్సిజన్ పని. అది లేనిదే మనం నిమిషాల్లో పోతాం, ఉంటే ఇలా తగులుకుంటుంది.

మన కణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలున్నాయి. పొద్దున తాగిన చోడి అంబలి చివరికి అక్కడే, ఆక్సిజన్ తోడుతో శక్తి అవుతుంది. ఆ పనిలో ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ పోతాయి. ఎక్కడో ఒకటి జారి ఆక్సిజన్‌కు అంటుకుంటే సూపరాక్సైడ్ పుడుతుంది. ఇలా జత లేని ఎలక్ట్రాన్ ఉన్నవే ఫ్రీ రాడికల్స్. పక్కనున్న కొవ్వో, ప్రొటీనో, డీఎన్‌ఏనో ఏది దొరికితే దాని నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. ఇవి ఎక్కువై, వాటిని అదుపు చేసే బలం చాలకపోతే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. మీ పరీక్షల టెన్షన్ వేరు, ఇది వేరు.

ఒంట్లో ఆ సూపరాక్సైడ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. దాన్ని అదుపు చేసేదెవరంటే, చిన్నోడా, నీ మోకాలు గుర్తు తెచ్చుకో. సైకిల్ మీంచి పడ్డప్పుడు నేను హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే తెల్లగా నురగ పొంగింది. క్రిములు చస్తున్నాయని నువ్వు గెంతావు. నిజానికి నీ రక్తంలోని కేటలేజ్ అనే ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతోంది. ఆ బుడగలన్నీ ఆక్సిజనే. అమ్మను పక్కన ఉంచుకుని పచ్చి బంగాళాదుంప ముక్క మీద రెండు చుక్కలు వేయండి, బుసబుసా పొంగుతుంది. ఉడికిన ముక్క మీద వేస్తే చప్పుడుండదు, వేడికి ఎంజైమ్ పాడైపోయి ఉంటుంది. (పుండు మీద అది పోయడం మంచిది కాదంటున్నారు ఇప్పుడు, కొత్తగా వచ్చే చర్మాన్నీ కాలుస్తుందట. నన్ను క్షమించు.) ఇంకో వింత, క్రిములను చంపడానికి మన తెల్ల రక్తకణాలు ఆ పెరాక్సైడ్‌నే సొంతంగా తయారుచేసుకుంటాయి.

1956లో డెన్‌హమ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త, ముసలితనానికి మూలం ఈ ఫ్రీ రాడికల్సే అన్నాడు. ఆయన 98 ఏళ్లు బతికాడు. ఇంకేం, ఇనుముకు తుప్పు పట్టినట్టే ఒంటికీ ఆక్సిజన్ వల్ల తుప్పు పడుతుందని, ఆ తుప్పే రోగమైతే తుప్పు వదిలించే యాంటీ ఆక్సిడెంట్ గోళీయే మందని అనుకున్నారు జనం. అమ్మడానికి ఇంతకంటే సులువైన మాట ఉండదు. నేనూ నమ్మేశాను.

మా అమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడమన్నమాట. మన ప్రాంతంలో ఆ కాలపు ఆడవాళ్లకు అది మామూలే. అంగిలి తెల్లగా పాలిపోయి, నడుమ ఎర్రటి చుక్కలు ఉండేవి. పొగతో ప్రతి దమ్ములోనూ ఆ రాడికల్స్ లోపలికి పోతాయి. చుట్ట మాన్పించలేక, కొట్లోంచి బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ గోళీలు తెచ్చి రోజూ ఒకటి మింగించేవాణ్ణి. కొడుకుగా నా పని చేశాననుకున్నాను.

అమ్మ పోయిన చాలా ఏళ్లకు ఒక సంగతి చదివాను. ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద పరీక్ష చేసి, 1994లో ఫలితం చెప్పారు. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా వచ్చింది. మొత్తం చావులూ ఎక్కువే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మకు ఆ గోళీలు ఏం చేశాయో ఎవరూ చెప్పలేరు. చుట్ట లాక్కుని పారేయాల్సిందని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

అంటే హార్మన్ చెప్పిందంతా తప్పా? కాదు. ఫ్రీ రాడికల్స్ కొట్టిన దెబ్బల గుర్తులు రక్తంలో ఎక్కువగా ఉన్న వృద్ధుల్లో చావులు ఎక్కువని చూశారు. కానీ పొగ కనిపించిన చోట ఇల్లు కాలి ఉండొచ్చు, పొగే ఇంటిని కాల్చిందనలేం కదా. ఆఫ్రికాలో నేల కింద బొరియల్లో బతికే బోడి ఎలుక ఒకటుంది. దాని ఒంటినిండా ఈ దెబ్బలే, అయినా ముప్పై ఏళ్లు దాటి బతుకుతుంది. మనింటి చుంచెలుక మూడేళ్లు బతికితే గొప్ప.

2009లో జర్మనీలో ఇంకో పరీక్ష చేశారు. యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించి, కొందరికి విటమిన్ సి, విటమిన్ ఇ గోళీలిచ్చారు. అవీ యాంటీ ఆక్సిడెంట్లే. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడమనే లాభం గోళీలు మింగనివాళ్లకే దక్కింది. కండ కష్టపడ్డప్పుడు పుట్టే ఆ కాస్త రాడికల్స్‌ను చూసే ఒళ్లు తన కాపలా పెంచుకుంటుందట. గోళీ ఆ కబురు చేరకుండా చేసిందన్నమాట.

నేను రోజూ సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డు దాకా నడుస్తున్నాను. సీసా డబ్బులు వెనక్కిస్తే ఒక జత చెప్పులు కొని పంపండి. ఎనిమిదో నంబరు, అడుగు గట్టిగా ఉండాలి.

మీ తాతయ్య