ప్రేమలో గొడవలు: కౌన్సెలింగ్‌కి నా దగ్గరికొచ్చే జంటలు రోజూ చెప్పే అపోహలు

అపోహ: నిజంగా ప్రేముంటే గొడవలే రావు.
వాస్తవం: గట్టిగా అరుచుకుంటూ లోపలికొచ్చే జంటని చూస్తే నాకు పెద్ద కంగారుండదు, "కరెంట్ బిల్లు కట్టావా" తప్ప నెలల తరబడి మాటల్లేని జంటని చూస్తేనే భయమేస్తుంది. జాన్ గాట్‌మన్ అని అమెరికాలో ఒక సైకాలజిస్ట్, ఏళ్ల తరబడి జంటల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి గమనించాడు, ఆయన లెక్కలో వాళ్ల గొడవల్లో దాదాపు 69 శాతం ఎప్పటికీ తెగనివే, అంటే ఒకరిది పొదుపు ఇంకొకరిది ఖర్చు, ఒకరికి ప్రతి పండక్కీ ఊరెళ్లాలి ఇంకొకరికి ఇల్లు కదలాలంటే బద్ధకం, ఇవి హాయిగా ఉన్న జంటల్లోనూ ఉంటాయి. కొంప ముంచేది చులకన. కళ్లు తిప్పడం, "మీ ఇంట్లో నేర్పింది ఇదేగా" అనడం... విడిపోయే జంటల్ని ముందే పట్టించే గుర్తుల్లో ఆయన అన్నిటికంటే పైన పెట్టింది దీన్నే.

అపోహ: గొడవ తేల్చుకోకుండా పడుకోకూడదు.
వాస్తవం: రాత్రి ఒంటిగంటకి ఏదీ తేలదండీ. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే ఎదుటి మనిషి మాట చెవికెక్కదు, కనీసం 20 నిమిషాలు ఆగాలి, ఆ టైమంతా మనసులో డైలాగులు రాసుకుంటూ కూర్చుంటే మాత్రం ఆగినా ఆగనట్టే, వెళ్లి గిన్నెలు తోముకోండి (నేను మా ఇంట్లో చేసేది అదే, సింక్ తళతళలాడుతుంటే మా ఆయనకి విషయం అర్థమైపోతుంది). కాకపోతే "అరగంటాగి మాట్లాడతా" అని చెప్పి వెళ్లాలి. ఒకళ్లు డాలస్‌లో ఒకళ్లు కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు చెప్పకుండా ఫోన్ ఆఫ్ చేస్తే అవతలి మనిషికి ఆ రోజంతా నరకమే.

అపోహ: ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వలేదంటే ఏదో దాస్తున్నట్టే.
వాస్తవం: ఇచ్చాక అనుమానం తగ్గిన జంటని నేనైతే చూళ్లేదు, వాట్సాప్ అయ్యాక ఇన్‌స్టా, తర్వాత లొకేషన్, అలా పోతూనే ఉంటుంది.

అపోహ: ఒక్కసారేగా చెయ్యి చేసుకున్నాడు, ఇద్దరూ కౌన్సెలింగ్‌కి వెళ్తే సర్దుకుంటుంది.
వాస్తవం: కొట్టడం, బెదిరించడం ఉందని తెలిస్తే నేను ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టను, నా ముందు నోరు విప్పినందుకు ఇంటికెళ్లాక ఆ అమ్మాయికే దెబ్బలు పడతాయి. 2005 గృహహింస చట్టం పెళ్లి చేసుకోకుండా భార్యాభర్తల్లా కలిసుంటున్న ఆడవాళ్లకీ వర్తిస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. మహిళా హెల్ప్‌లైన్ 181. మనసు బాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. అతను మీ ఫోన్ చెక్ చేసే రకమైతే నమ్మకమున్న ఫ్రెండ్ ఫోన్ నుంచి చెయ్యండి.